ఏటికి అవతలి గట్టున మా పాప

సైకిలు ఆపి పార్కు బల్ల మీద కూర్చున్నాను. కాళ్ళు ఆగాయి గానీ, గుండె ఇంకా తొక్కుతూనే ఉంది. మా పాప ఆద్య మరమరాల పొట్లం ఖాళీ చేసి, "అమ్మా, ఇంటికెళ్దాం" అని చున్నీ లాగేదాకా కూర్చున్నా ఆ దడ తగ్గలేదు. లేవబోతే తొడలు వణికాయి. వీపంతా చెమట. ఎండదెబ్బేమో అనుకున్నాను. అది చలికాలం, ఇంకా మంచు పూర్తిగా విడలేదు.

మాది ఏలూరు. తమ్మిలేరు గట్టు మీద సిమెంటు బాట ఒకటుంది. ఇళ్ళ వెనక మొదలై, రెండు చిన్న పార్కుల్ని ఒరుసుకుంటూ, కొల్లేరు వైపు చేపల చెరువులు కనిపించేదాకా సాగుతుంది. కాన్పు తర్వాత పెరిగిన ఒళ్ళు ఎన్నాళ్ళైనా తగ్గకపోవడంతో, పొద్దున్నే పాపను వెనక సీట్లో బెల్టుతో కట్టి అక్కడ తొక్కడం మొదలుపెట్టాను. ఒళ్ళు తగ్గింది. అదే మా అందర్నీ మోసం చేసింది.

"ఏమ్మా, సన్నజాజి తీగలా అయిపోయావు! మా కోడలికి కూడా ఆ సైకిలేదో నేర్పమ్మా" అనేవారు పక్కింటి పిన్నిగారు. నాకు లోపల పొంగు. కానీ అన్నం రెండోసారి, ఒక్కోసారి మూడోసారి వడ్డించుకునేదాన్ని. మా అత్తయ్యగారు గిన్నెలోకి తొంగిచూసి, "తిన్నదంతా ఎక్కడికి పోతోందమ్మాయ్?" అంటే, "సైకిలు మింగేస్తోందండీ" అని నవ్వేదాన్ని. అందరం ఆ సైకిలునే మెచ్చుకున్నాం.

తర్వాత నిద్ర పట్టడం మానేసింది. చేతులు వణికి, దోసె పెనం మీద గుండ్రంగా వచ్చేది కాదు. తుడిచిన గది మళ్ళీ తుడిచేదాన్ని. కూర్చుంటే లేవాలని, లేస్తే ఎక్కడికో వెళ్ళాలని ఉండేది. మొదట చూసిన డాక్టరుగారు నాడి పట్టుకుని, "చిన్నపిల్లల తల్లులు చాలామంది ఇలాగే ఉంటారమ్మా. ఇది యాంగ్జైటీ. కాస్త ధ్యానం చేసుకోండి" అన్నారు. తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లు ఆఫీసుకి రోజూ రైల్లో వెళ్ళొచ్చే మా ఆయన కూడా, "నువ్వు ప్రతిదానికీ కంగారుపడతావు కదా" అన్నారు. నిజమే. చిన్నప్పటినుంచీ నాది కంగారు మనస్తత్వమే. అందుకే ఎవరికీ ఎదురు చెప్పలేకపోయాను.

ఒక పొద్దున గట్టు మలుపులో గుండె ఒక్కసారిగా రెక్కలు కొట్టుకున్నట్టయింది. బ్రేకు నొక్కడానికి వేళ్ళలో బలం లేదు. సైకిలు బాట తప్పి, ఏటి వైపు వాలు దిగి, పొదల్లో చిక్కుకుని పడింది. పాపను బెల్టు కాపాడింది, మోచెయ్యి గీరుకుంది అంతే. అటుగా బండి మీద చేపల బుట్టలతో వెళ్తున్న ఒకాయన పరుగున దిగి ఇద్దర్నీ పైకి లాగాడు. కింద నీళ్ళు గుర్రపుడెక్క కప్పేసి పచ్చటి నేలలా కనిపిస్తున్నాయి. ఆ పచ్చదనం ఇప్పటికీ కళ్ళు మూస్తే కనిపిస్తుంది.

అత్తయ్యగారు అరవలేదు. పాప మోచేతికి పసుపు రాసి, "నువ్వు కుదుటపడేదాకా పిల్ల నా పక్కలో పడుకుంటుంది. కోపమొస్తే రానియ్యి" అన్నారు. కోపం రాలేదు. నాకు నేనే పాపను అప్పగించుకునే ధైర్యం లేదు. ఆ రోజునుంచీ నాకున్నది ఒకటే ప్రశ్న: నా బిడ్డ మళ్ళీ నా చేతుల్లోకి ఎప్పుడొస్తుంది?

రెండో డాక్టరుగారు ఒకావిడ. నన్ను చేతులు చాపమని, వేళ్ళ మీద ఒక తెల్లకాగితం పరిచారు. ఫ్యాను కింద ఉన్నట్టు కాగితం అదిరింది. ఫ్యాను ఆగే ఉంది. మెడ తడిమి, "ఆకలి బాగా వేస్తోందా?" అని అడిగారు. ఈసీజీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, ఇంకొన్ని రక్తపరీక్షలు రాశారు. రిపోర్టులు చూశాక, "మీకు కంగారు లేదని అననమ్మా. కానీ ఈ గుండె దడ ఒక్క కంగారు వల్ల వచ్చింది కాదు. గ్రేవ్స్ డిసీజ్. థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేస్తోంది" అన్నారు. జబ్బుందని చెబితే సంతోషంతో ఏడ్చింది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

థైరాయిడ్‌ని అదుపు చెయ్యడానికి కార్బిమజోల్, గుండె దడకి ప్రొప్రనోలాల్ ఇచ్చారు. ఇస్తూ, "కార్బిమజోల్ వాడుతుండగా జ్వరంగానీ గొంతునొప్పిగానీ వచ్చిందా, ఆ మాత్ర ఆపేసి అదే రోజు సీబీసీ రక్తపరీక్ష చేయించాలి. అది ఒక్కోసారి తెల్లకణాల్ని పడగొడుతుంది. మర్నాటిదాకా చూడొద్దు" అని గట్టిగా చెప్పారు.

మెల్లగా వణుకు తగ్గింది. పాప నా పక్కలోకి వచ్చి పడుకోవడం మొదలుపెట్టింది. ఇక గండం గడిచిందనుకుంటుండగా ముసురు పట్టింది. ఇంట్లో అందరికీ జలుబు. నాకు గొంతు మండి, ఒళ్ళు కాలింది.

"మిరియాల పాలు తాగి పడుకో అమ్మాయ్" అన్నారు అత్తయ్యగారు.

"అందరికీ ఉన్నదేగా. ఇవాళ్టికి చూద్దాం" అన్నారు మా ఆయన.

"డాక్టరుగారు చూడొద్దన్నారండీ."

"మళ్ళీ మొదలెట్టావా!"

మొదలెట్టాను. ఆ రోజు నా కంగారే నన్ను ఆటో ఎక్కించింది. సీబీసీలో తెల్లకణాలు బాగా పడిపోయాయి. వెంటనే అడ్మిట్ చేసుకుని, సెలైన్‌తోపాటు యాంటీబయాటిక్స్ పెట్టారు. "రేపు వచ్చుంటే నేను మీతో ఇంత నిదానంగా మాట్లాడేదాన్ని కాదు" అన్నారు డాక్టరుగారు. మా ఆయన మంచం పక్కన తలొంచుకుని నిలబడ్డారు.

ఆ మాత్ర ఇక జన్మలో వేసుకోకూడదన్నారు. తెల్లకణాలు కోలుకున్నాక విజయవాడ పంపారు. అక్కడ థైరాయిడ్‌ని అణచడానికి రేడియో అయోడిన్ మందు ఇచ్చి, "మీ ఒంట్లోంచి కొన్నాళ్ళు రేడియేషన్ వస్తుంది. కొన్ని వారాలు పాపను ఎత్తుకోవద్దు, పక్కలో వేసుకోవద్దు. దూరంనుంచి ఎంతసేపైనా చూసుకోండి" అన్నారు. మూడేళ్ళ పిల్లకి ఒకే ఇంట్లో దూరం ఎలా చెబుతాం? అత్తయ్యగారు, మావయ్యగారు పాపను తీసుకుని ఏటికి అవతల మా ఆడపడుచు ఇంటికి మారారు.

రోజూ పొద్దున మావయ్యగారు పాపను తన పాత సైకిలు ముందు కూర్చోపెట్టుకుని అవతలి గట్టు మీదికి వచ్చేవారు. నేను ఇవతలి గట్టున. మాట్లాడుతూ తొక్కగలిగినంత నెమ్మదిగా అయితే పర్లేదని డాక్టరుగారు ఒప్పుకున్నారు. మధ్యలో ఏరు. గట్టిగా అరిస్తే మాట అందేది.

"అమ్మా, ఇటు రా!"

"రేపొస్తానమ్మా!"

"నిన్న కూడా అలాగే అన్నావు!"

మావయ్యగారు తివాచీల మగ్గం మీద పనిచేసిన మనిషి, మాట తక్కువ. నేను ఆయాసంతో ఆగితే అవతల తనూ ఆగేవారు. కదిలితే కదిలేవారు. పార్కు దాటాక వంతెన దగ్గర రెండు గట్లూ కలుస్తాయి. అక్కడ మాత్రం నేను వెనక్కి తిరిగిపోవాలి.

ఒక రోజు వంతెన దగ్గర పాప సైకిలు మీదనుంచి జారిపోతూ, రెండు చేతులూ చాపి ఏడ్చింది. నా సైకిలు ఎక్కడ పడేశానో తెలియదు, వంతెన సగానికి వచ్చేశాను. ఆ రోజు వాళ్ళతో వచ్చిన అత్తయ్యగారు అవతలి చివర అడ్డంగా నిలబడి అరచెయ్యి ఎత్తారు.

"ఆగమ్మా. అక్కడే ఆగు."

"ఒక్కసారండీ, అత్తయ్యగారూ..."

"దాని కోసమే కదా తల్లీ ఇన్నాళ్ళూ ఓర్చుకున్నావు. వెళ్ళు. నా మాట విను." ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. తిరిగి వచ్చేశాను.

డాక్టరుగారు ఇక కలవొచ్చన్న రోజు పాపను తీసుకొచ్చారు. పరిగెత్తుకొస్తుందనుకున్నాను. గుమ్మం దగ్గరే ఆగి, గట్టు మీద ఊపినట్టు చెయ్యి ఊపింది. అమ్మంటే దూరంగా ఉండే మనిషని నేర్చేసుకుంది. నేను కదలకుండా నేల మీద కూర్చున్నాను. సాయంత్రానికి తనే వచ్చి, నా మోకాలు వేలితో ఒకసారి ముట్టుకుని చూసి, ఒళ్ళోకి ఎక్కింది.

ఆ అయోడిన్ వల్ల ఇప్పుడు నా థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోంది. రోజూ పరగడుపున థైరాక్సిన్ మాత్ర వేసుకోవాలి, జీవితాంతం. గట్టు మీద మళ్ళీ ఇద్దరం తిరుగుతున్నాం. మలుపు దగ్గర మాత్రం దిగి నడిపిస్తాను. అందరూ పడుకున్నాక, ఇది రాస్తూ కూడా ఒకసారి నాడి చూసుకున్నాను. బాగానే ఉంది. నమ్మకం కుదరడానికే ఇంకా టైము పట్టేలా ఉంది.

కార్బిమజోల్ వాడేవాళ్ళకి ఒకటే చెబుతాను. జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి, సీబీసీ చేయించుకోండి. ఈ సంగతి ఒంట్లో బాగున్నప్పుడే ఇంట్లో ఇంకొకరికి చెప్పి, వాళ్ళ చేత ఒప్పించుకుని ఉంచండి. నాకు ఆ రోజు వాదించే ఓపిక మిగిలింది. అందరికీ మిగలదు.