లూజ్‌గా కుట్టిన తెల్లచొక్కా

మా ఇంట్లో ‘లూజ్’ అన్న ఇంగ్లీషు మాట లేకుండా రోజు గడిచేది కాదు. ప్యాకెట్టు వద్దు, లూజ్ నూనె తెమ్మనేది అమ్మ. కడుపు పాడైతే లూజ్ మోషన్లు. నోరు జారితే, “లూజ్‌గా మాట్లాడకు” అని మందలింపు. కృత్తివెన్ను చేపల చెరువుల మీద సూపర్‌వైజరుగా పనిచేసిన నాన్న, గట్టును మడమతో నొక్కి చూసి, “ఇక్కడ మట్టి లూజయింది, గండి పడుద్ది” అనేవారు. మా స్కూలు బట్టలను మాత్రం అమ్మ కావాలనే లూజ్‌గా కుట్టించేది. పిల్లలకు ఒళ్లు వస్తుందన్న నమ్మకం ఆ మాటలో ఉండేది.

నిరుడు నాన్నకు జబ్బు చేసింది. గుడివాడ ఆసుపత్రిలో మందులు మార్చినకొద్దీ మనిషి తరిగిపోయారు. అయినా చొక్కాలు ఎప్పటిలాగే సరిపోతున్నాయన్నది ఆయన ధైర్యం. “ఒళ్లు తగ్గితే చొక్కా లూజవదా?” అని చూడవచ్చినవారిని ఎదురు ప్రశ్నించేవారు. మధ్యాహ్నం ఆయన నిద్రపోతున్నప్పుడు అమ్మ ఒక్కొక్క చొక్కా తిరగేసి, రెండు పక్కలా మిషను మీద లోపలికి కుట్టేస్తోందని నాకు తెలుసు. ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

క్రిస్మస్ ఆరాధనకు కొత్త తెల్లచొక్కా మా ఇంటి ఆనవాయితీ. బందరులో నాన్నకు ఎప్పుడూ కుట్టే టైలరుకు గుడ్డ పంపాం. కొలతకు ఆది చొక్కాగా, తాను కుట్లు వేసిన వాటిలో ఒకటి పంపాలని అమ్మ బీరువాలోంచి తీసింది. ఈలోగా నాన్నే ఫోన్ చేసేశారు.

“ఆది ఎందుకు భాయ్, పాత కొలతే. ఏం మారలేదు.”

“మీరే నయమండీ. నా కొలత ప్రతి రంజానుకీ మారిపోతంది,” అని అవతల టైలరు నవ్వాడు.

అమ్మ చేతిలోని చొక్కాను మడిచి మళ్లీ బీరువాలో పెట్టింది. కుట్టి వచ్చాక సరిచేసుకోవచ్చని అనుకుని ఉంటుంది.

చొక్కా తెచ్చిన మనిషి నేరుగా నాన్న చేతికే ఇచ్చి వెళ్లాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన తొడుక్కున్నారు. కాలరు మెడకు తగలడం లేదు. భుజాల కుట్టు దండల మీదికి జారింది.

“టైలరు లూజ్‌గా కుట్టేశాడండీ. ఇటివ్వండి, సరిచేస్తాను.”

నాన్న కుర్చీ మీద విప్పి వేసిన పాత చొక్కాను తిరగేసి, పక్క కుట్టు వెంట వేలు నడిపారు, గట్టు మట్టిని పరీక్షించినంత నెమ్మదిగా. ఒక కుట్టు, దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన మరొకటి.

“ఎప్పట్నుంచి?”

“వానలప్పట్నుంచి.”

“వచ్చినోళ్లందరికీ చెప్పానే, ఏం తగ్గలేదని.”

 ఆయన కొత్త చొక్కాతోనే చేతులు పక్కలకు చాపి నిలబడ్డారు.

“పిన్నులు తే. ఒంటిమీదే కొలత తీసుకో. మిగిలిన గుడ్డ లోపల దాచక్కర్లేదు, కత్తిరించెయ్.”

డైరీలో ఆ తేదీ కింద నేను రాసుకున్నది ఒక్క వాక్యమే: చొక్కా వచ్చింది.

అమ్మ కత్తిరించలేదు. క్రిస్మస్ ఆరాధనలో నాన్న పక్కన కూర్చున్నంతసేపూ, లోపల మడిచి కుట్టిన ఆ గుడ్డ ఆయన పక్కటెముకల దగ్గర ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉంది.