మేడలు లేని నగరం

కొందరు మనిషి కనబడగానే ఊరూ పేరూ అడుగుతారు. ఆయన వస్తువు కనబడగానే అదెప్పుడు పుట్టిందని అడిగేవాడు. జవాబు నచ్చకపోతే, "అది అప్పటికి లేదండీ" అని తల అడ్డంగా ఊపేవాడు. ఆఫీసులో అందరూ ఆయన అసలు పేరు మరిచిపోయి, చాటున 'అప్పటికి లేదు గారు' అనేవాళ్లు.

ఆ ఆఫీసులో ఒక కంప్యూటర్ ఆట తయారవుతోంది. ఆడేవాడు నాలుగు గుడిసెలతో మొదలుపెట్టి, పొలాలు దున్నించి, కోటగోడలు లేపి, చివరికొక మహా నాగరికతను నిలబెట్టాలి. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన ఆయన్ని, తప్పులు దొర్లకుండా చూడమని పెట్టుకున్నారు. ఆయన తప్పుల్ని దొర్లనివ్వలేదు. ఆటనూ ముందుకు కదలనివ్వలేదు.

ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది ఊళ్లూ ఇళ్లూ గీసే చిత్రకారిణికి. వేల ఏళ్లనాటి సంతలో ఆమె ఎర్రగా మిరపకాయల రాశి పోసి, సంతకి కళ వచ్చిందని మురిసిపోతోంది. ఆయన వెనక నిలబడి, మిరపకాయ సముద్రం దాటి రావడానికి ఇంకా చాలా కాలం పడుతుందన్నాడు. పోనీ అని మొక్కజొన్న పొత్తులు పోసింది. అవీ ఆ ఓడల్లోనే వస్తాయన్నాడు.

తర్వాత రౌతుల వంతు వచ్చింది. గుర్రాల మీద కాళ్లు పెట్టుకునే రికాబులన్నీ పీకించేశాడు.

"రికాబుల్లేకపోతే పడిపోరాండీ?" అంది ఆమె.

"పడేవాళ్లమ్మా. చరిత్రలో చాలామంది పడ్డారు."

ఆఫీసు దాటినా ఆ గుణం పోలేదు. ఆమె కూతురి బడిలో నాటకానికి పిలిస్తే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. రాజు వేషం కట్టిన పిల్లాడు చేతి గడియారం విప్పి జేబులో వేసుకునేదాకా చప్పట్లు కొట్టలేదు.

ఆట విడుదల దగ్గరపడుతుండగా చిత్రకారిణి కుడి మణికట్టు వాచింది. డాక్టరు పట్టీ కట్టి, చేతికి విశ్రాంతి ఇవ్వమన్నాడు. ఆ సంగతి ఆమె ఆఫీసులో పొక్కనివ్వలేదు. నగరం వేళకి పూర్తికాకపోతే బొమ్మల పని బయటి కంపెనీకి ఇచ్చేస్తానని మేనేజరు అని ఉన్నాడు. అదే జరిగితే ఆమెకిక అక్కడ పనేముంటుంది? పొడుగు చేతుల చొక్కా కింద పట్టీ దాచి, నొప్పిని పంటి బిగువున భరిస్తూ గీస్తోంది.

అలాంటప్పుడు మేనేజరు మీటింగు పెట్టి, నగరంలో ప్రతి ఇల్లూ మేడ కావాలన్నాడు. మెట్లూ వసారాలూ ఉండాలి, ఏ రెండూ ఒకేలా ఉండకూడదు, చూసేవాడి కళ్లు తిరగాలి అన్నాడు. చిత్రకారిణికి అప్పుడే తిరిగాయి.

చరిత్రాయన గొంతు సవరించుకున్నాడు. "మేడలు అప్పటికి లేవండీ."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

"పోనీ మెట్లు?"

"ఎక్కడానికి మేడ ఉంటేగా."

మేనేజరు తల పట్టుకుని, అయితే ఇళ్లెలా ఉన్నా సరేనన్నాడు. చిత్రకారిణి నాలుగు రకాల ఒంటి అంతస్తు ఇటుక ఇళ్లు గీసి, వాటినే అచ్చు గుద్దినట్టు ఊరంతా పేర్చింది. పని వేళకి అయిపోయింది, చెయ్యి ఊపిరి పీల్చుకుంది. కానీ మనసు చివుక్కుమంది. ఇంటికెళ్లి భర్తతో, ఆ పెద్దాయనకి అందంగా ఉండేది ఏదీ గిట్టదని చెప్పుకుని వాపోయింది.

ఆట విడుదలైంది, జనానికి నచ్చింది. చెయ్యి నెమ్మదించాక ఒక సెలవు రోజున ఆమె కూతుర్ని మ్యూజియానికి తీసుకెళ్లింది. అక్కడ తవ్వకాల్లో బయటపడిన ఒక ఊరి నమూనా ఉంది. కాలం వాళ్ల ఆటలోదే, ఇటుకలూ అవే. ఇళ్లలో మాత్రం పైకి మెట్లున్నాయి. పై అంతస్తులు కూలిపోయి మెట్లు మిగిలాయని పక్కన రాసి ఉంది. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

మర్నాడు క్యాంటీన్‌లో ఆయన ఎదుట కూర్చుని నేరుగా అడిగింది.

"మేడలు అప్పటికి ఉన్నాయి కదండీ?"

"ఉన్నాయమ్మా," అన్నాడాయన తాపీగా. "మీ చెయ్యే అప్పటికి బాగాలేదు."

ఆమె చూపు తన మణికట్టు మీదికి వెళ్లింది. మీకెలా తెలిసిందని అడిగింది. అన్ని రోజులు ఎడమ చేత్తో టీ తాగితే తెలియదా, ఆధారం లేకుండా నేనేదీ అననుగా అన్నాడు. అయినా ఆ ఊరివాళ్లకి అన్యాయం చేశానని ఆయనకి లోపల పీకుతూనే ఉందట. చెయ్యి తగ్గింది కాబట్టి, ఆటకి వచ్చే అప్‌డేట్‌లో వాళ్ల మేడలు వాళ్లకి కట్టిపెట్టమన్నాడు.

ఆ తర్వాతి మీటింగులో ఆయన లేచి, తవ్వకాల్లో కొత్త ఆధారం దొరికింది, మేడలు ఉన్నాయి అన్నాడు. ఆయన నోట 'ఉన్నాయి' అన్న మాట వినడం మేనేజరుకి అదే మొదలు. కుర్చీలోంచి లేచి చెయ్యి కలిపాడు. ఆ తవ్వకాలు చేసిందెవరో చాలా గొప్పవాళ్లై ఉండాలన్నాడు.

"ఇదిగో, ఈవిడే," అని ఆయన చిత్రకారిణిని చూపించాడు.

ఆమె నవ్వు ఆపుకుంటూ తల వంచుకుని, మెట్లు గీయడం మొదలుపెట్టింది.