బావమరిదికి రాని నొప్పి

మా ఆవిడ తమ్ముడూ నేనూ భవానీపురంలో పదకొండేళ్లు ఒకే జట్టుగా షటిల్ ఆడాం. పొద్దున ఐదున్నరకి కోర్టు తలుపు తీసేసరికి ఇద్దరం గుమ్మం దగ్గరే ఉండేవాళ్లం. వెనక వాడు, నెట్ దగ్గర నేను. నెట్ ఆటంతా మణికట్టులోనే ఉంటుంది. చెయ్యి అలా చిన్నగా తిప్పి, కాక్ అవతలివాడి కాళ్ల ముందు వాలేలా వదలాలి. నాకు వచ్చిన విద్య అదొక్కటే. ఆఫీసులో ఇరవై ఏళ్లు ఫైళ్లు తిరగేసినా రాని పేరు ఆ కోర్టులో వచ్చింది.

రెండేళ్ల కిందట వేసవిలో, మైలవరం దగ్గర వాడి మామిడితోటలో ఆదివారం భోజనాలు పెట్టాడు. మటన్, బోటీ, చేపల పులుసు, బీరు. నేనొక ముక్క తింటే వాడు మూడు తిన్నాడు. మర్నాడు తెల్లవారుతుండగా నా కుడి మణికట్టు మీద కాలిన పెనం పెట్టినట్టయి మెలకువ వచ్చింది. చెయ్యి ఎర్రగా, నున్నగా ఉబ్బిపోయింది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతోంది. బెణికిందనుకుని కట్టు కట్టే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆ బిగింపుకి నొప్పి రెట్టింపయింది. సాయంత్రానికి మా ఆవిడ కట్టుని కత్తెరతో కోసేసింది.

వారానికి దానంతటదే తగ్గింది. నెలన్నరకి మళ్లీ వచ్చింది. మూడోసారి మా ఆవిడ నన్ను కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ వాపులోంచి సూదితో నీరు తీసి పరీక్షకి పంపి, రిపోర్టు చూశాక చెప్పారు.

"గౌటండి. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, సన్నటి సూదుల్లాగా కీలులో పేరుకుపోతుంది. చాలామందికి కాలి బొటనవేలికి వస్తుంది. మీకు మణికట్టుకొచ్చింది."

"తిండి వల్లేనాండీ?"

"కొంతవరకే. ఎక్కువగా మీ ఒంటి తత్వం. మీ నాన్నగారికి ఉండేదా?"

నాన్న బొటనవేలు ఉబ్బి, చెప్పు తొడుక్కోలేక వారాల తరబడి మంచం మీదే ఉండటం గుర్తొచ్చింది. మేం దాన్ని వాతం అనేవాళ్లం.

"ఈ మాత్ర నొప్పి ఉన్నా లేకపోయినా రోజూ వేసుకోవాలి. మొదట్లో కొన్ని నెలలు నొప్పి మళ్లీ రావచ్చు. అప్పుడూ ఆపకూడదు," అన్నారు. తలూపాను. మూడు వారాలకి నొప్పి రాగానే, మందే తెచ్చిపెట్టిందని ఆపేశాను.

ఈలోగా మా బావమరిది కొత్త జోడీని చూసుకున్నాడు. పక్కవీధిలో ఉండే బ్యాంకు ఆఫీసరు, నాకంటే పదిహేనేళ్లు చిన్న. నేను గోడవార బెంచీ మీద కూర్చుని చూసేవాణ్ని. అతను నెట్ దగ్గర కాక్ వదిలినప్పుడు మా వాడు "సూపరండీ!" అని అరిచేవాడు. నాకెప్పుడూ అలా అరవలేదు. అలవాటైపోయి అరవలేదేమో, తెలియదు. కాలనీ పోటీల్లో వాళ్లిద్దరూ ఫైనల్‌కి వెళ్తే, ఓడిపోవాలని మనసారా కోరుకున్నాను. గెలిచారు. తమ్ముడు గెలిచాడని మా ఆవిడ స్వీట్లు పంచింది. నేను చెయ్యి నొప్పి అని చెప్పి గదిలో పడుకున్నాను. ఆ రోజు చెయ్యి నొప్పి లేదు.

అసలు కడుపుమంట ఆటది కూడా కాదు. అంత తిన్నా, అంత తాగినా, వాడి మణికట్టు అలా తిరుగుతూ ఉండటం. ఒకరోజు ఆగలేక, "నలభై దాటింది కదరా, ఒకసారి రక్తం చూపించుకో," అని ల్యాబుకి తీసుకెళ్లాను. వాడి యూరిక్ యాసిడ్ నాకంటే ఎక్కువ వచ్చింది. కాగితం పట్టుకుని నిలబడ్డ నాకు ఎంత సంతోషం వేసిందో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. వెంటనే మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"ఎప్పుడైనా ఏ కీలైనా వాచిందా?" వాణ్ని అడిగారావిడ.

"లేదండీ."

"కిడ్నీలో రాళ్లు?"

"లేవండీ."

"అయితే ఇప్పుడు మందక్కర్లేదు. బీరు మానేయండి, బరువు తగ్గండి."

"నాకంటే ఎక్కువుంది కదండీ!" నా గొంతు నాకే వింతగా వినిపించింది.

"ఎక్కువున్న అందరికీ గౌట్ రాదండి. సరే, మీ మందు ఎలా ఉంది? వేసుకుంటున్నారా?"

నా బదులు మా వాడే చెప్పాడు. "ఆపేశారండీ. అక్క చెప్పింది."

డాక్టరమ్మ కోప్పడలేదు. మందు మొదలుపెడితే లోపల పేరుకున్నది కరగడం మొదలవుతుందని, ఆ కదలికకే నొప్పి రేగుతుందని ఓపికగా చెప్పి, నొప్పి రాకుండా కొన్ని నెలలకి ఇంకో చిన్న మాత్ర కూడా రాశారు.

తిరిగి వస్తూ కార్లో ఉండబట్టలేక చెప్పేశాను. "నీకూ రావాలనుకున్నానురా."

వాడు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "తెలుసు బావా. నువ్వు నన్ను ల్యాబుకి రమ్మన్నప్పుడే అక్క అంది, మీ బావ మంచి మనసుతో పిలవట్లేదురా అని."

"మరెందుకొచ్చావు?"

"నువ్వు డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లే దారి అదొక్కటే కనిపించింది."

ఆ మాటకి కూడా నాకు అసూయే కలిగింది. ఆరోగ్యంతోపాటు మంచితనం కూడా దేవుడు వాడికే ఎందుకివ్వాలి?

మందు మళ్లీ మొదలుపెట్టాను. రెండుసార్లు నొప్పి వచ్చింది. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టుకుని, చేతికి పట్టీ వేసుకుని, మాత్ర మాత్రం ఆపలేదు. బీరు మానేశాను, మటన్ ఎప్పుడో ఒకసారి. ఏడాదికి యూరిక్ యాసిడ్ ఆరు కిందకి దిగింది. పది నెలలుగా చెయ్యి వాచలేదు. పూర్తిగా మాత్రం వెనక్కి వంగదు.

మళ్లీ కోర్టుకి వెళ్లిన రోజు, మనిద్దరం ఎప్పట్నుంచి ఆడదామని వాణ్ని అడిగాను. "ఆయన్ని ఇప్పుడు వద్దంటే బాగోదు బావా," అన్నాడు నేల చూస్తూ. ఇప్పుడు నేను ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లతో ఆడుతున్నాను. వారానికి రెండు మూడు సార్లు నెట్‌కి అవతల ఆ ఇద్దరూ ఉంటారు. వాళ్లని ఓడించిన రోజు ఇంటికి వచ్చి మా ఆవిడకి చెప్తాను. ఓడిపోయిన రోజు ఆవిడ అడగదు.