సున్నా పాయింట్ ఏడు

నీళ్ళ శుద్ధి కేంద్రంలో ఆమెను అందరూ సీసాలమ్మ అనేవారు. పరీక్షకు నీళ్ళు పట్టే గాజుసీసాలను పదహారేళ్ళు కడిగితే, కన్నవాళ్ళు పెట్టిన పేరు ఎవరికి గుర్తుంటుంది? నెమ్మదస్తురాలు. కానీ పగ పట్టడంలో పామైనా ఆమె దగ్గర పాఠం నేర్చుకోవలసిందే.

ఆ పగ కెమిస్టు మీద. ఆ ఊరి నీళ్ళలో ఫ్లోరైడ్ బొత్తిగా తక్కువ. అది ఎక్కువైతే చేటే గానీ, తగుపాళ్ళలో ఉంటే పిల్లల పళ్ళు పుచ్చిపోకుండా కాస్తుంది. అందుకని లీటరుకు సున్నా పాయింట్ ఏడు మిల్లీగ్రాములు ఉండేలా కలపాలి, రోజూ పరీక్షించి రిజిస్టరులో రాయాలి. కలిపే మిషను చెడిపోతే కెమిస్టు దాని మొహం చూడలేదు. బస్తాలు గోదాములో గడ్డకట్టాయి. ఆయనగారు మాత్రం సోమవారం పొద్దున్నే టీ తాగుతూ వారం మొత్తానికీ సున్నా పాయింట్ ఏడు రాసేసి చేతులు దులుపుకునేవాడు.

మిషను ఆగిన కొత్తలోనే ఆమె అడిగింది. "సార్, బాగు చేయించండి. మా పాపకి ఇప్పుడే కొత్త పళ్ళొస్తున్నాయి."

"సీసాలు కడిగేదానివి, నీకెందుకమ్మా ఈ కెమిస్ట్రీ?" అని అతను పకపకా నవ్వాడు. పై ఆఫీసుకు వెళితే, రిజిస్టరు సక్రమంగానే ఉందని వాళ్ళూ పంపేశారు.

పాపకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి, మళ్ళీ మొలవని దవడ పళ్ళు రెండు పీకించాల్సి వచ్చింది. "ఇంట్లో ఏ నీళ్ళు తాగుతారమ్మా?" అని పళ్ళ డాక్టరు సీసాలమ్మను అడిగాడు. చెంప పట్టుకుని ఏడ్చే పిల్లను ఒళ్ళో వేసుకుని, 'ఆ కెమిస్టుని నలుగురిలో నిలబెట్టకపోతే నా పేరు సీసాలమ్మే కాదు' అనుకుంది. నిజానికి కాదు కూడా, అది వేరే సంగతి.

ఏడాది ఓపిక పట్టింది. ఒక బుధవారం తెల్లవారేసరికి పెద్ద గొట్టం పగిలి ఉంది. రెండు రోజులు ట్యాంకులు ఎండిపోయాయి, ఊళ్ళో ఏ కొళాయీ తడవలేదు. శుక్రవారం పై ఆఫీసు ఇంజనీరు చూడటానికి వచ్చాడు. పాపం పండడమంటే అదే. ఆమె చేతులు తుడుచుకుని, రిజిస్టరు తెచ్చి, ఆ వారం పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది.

"బుధ, గురువారాలు చుక్క నీళ్ళు లేవండి. మరి ఈ సున్నా పాయింట్ ఏడు దేంట్లో చూశారో సారునే అడగండి. రేపటి శనివారం ఇంకా రానేలేదు, దానికీ రాసేశారు."

కెమిస్టు రిజిస్టరు మూయబోతే ఇంజనీరు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె ఎదురుగా నిలబడి తనివితీరా చూసింది.

అతని ఉద్యోగం ఊడింది. మిషను నెల తిరక్కుండా బాగైంది. సామాన్లు సర్దుకోవడానికి వచ్చినవాడు ఆమె దగ్గర ఆగాడు.

"తడిగుడ్డతో గొంతు కోశావు కదమ్మా! ముందే నాతో ఒక్క మాట చెప్తే ఏం పోయేది?"

ఆమె సీసా కడగడం ఆపలేదు.

"చెప్పాను సార్. మా పాపకి పళ్ళున్నప్పుడే చెప్పాను."