ఫార్మాట్ కొట్టే ముందు

వనపర్తి బస్టాండు దగ్గరి సందులో నాకు చిన్న ఫొటో, జిరాక్స్ దుకాణం ఉంది. ఎండాకాలం మొదట్లో అందులోని కంప్యూటర్ మొరాయించింది. ఒక ఫొటో తెరుచుకునేలోగా గిరాకీ ఎదురుచూసి వెళ్లిపోయేది. తెర నిండా ఫైళ్లే, వెనకున్న బొమ్మ కూడా కనబడేది కాదు.

పెబ్బేరు నుంచి రిపేరు చేసే అతను బండి మీద వచ్చాడు. మౌస్ రెండుసార్లు అటూ ఇటూ కదిపి, తేల్చేశాడు.

"ఫార్మాట్ కొట్టి కొత్తగ ఎక్కిస్త అక్కా."

"ముందుగాల ఏమైందో జెప్పు."

"ఏమైతేంది? అంత పోతది గద."

ఏం తెలియకుండానే అంతా తుడిచేస్తానంటున్నాడు. ఎందుకంత తొందర? పైగా సంచిలోంచి తన హార్డ్ డిస్క్ తీశాడు, ఫైళ్లన్నీ అందులోకి ఎక్కించి మళ్లీ ఇస్తానన్నాడు. ఆ ఫైళ్లంటే ఊళ్ల ఆడపిల్లల ఫొటోలు, ఆధార్ కాపీలు. నన్ను నమ్మి ఇచ్చినవి. అవి ఇతని సంచిలో పెబ్బేరుకు పోతే?

"నీ డిస్క్ వద్దు. నేనే కొత్తది తెస్త," అన్నాను.

మా అత్తమ్మ ఆ రోజు గోపాల్‌పేట నుంచి వచ్చి ఉంది. కంప్యూటర్‌కూ ఆమెకూ ఏ సంబంధమూ లేదు. అయినా ఆమెను అతని పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, అతని చేతులు చూస్తుండమని చెప్పి డిస్క్ కొనడానికి వెళ్లాను.

నేను వచ్చేసరికి అత్తమ్మ నన్ను గుమ్మం దగ్గరే ఆపింది. "మాటిమాటికి బయటికి పోయి ఫోన్ల గుసగుస మాట్లాడుతుండు. నేను దగ్గరికి పోతె ఆపేసిండు. ఏందో ఉంది బిడ్డా."

నేరుగా అడిగాను. "ఎవరికి ఫోన్ జేసినవ్?"

అతను తల దించుకున్నాడు. "గద్వాలల నాకు పని నేర్పిన ఉస్తాద్‌కు అక్కా. ఏమైందో జెప్పమంటిరి గద. నాకు ఎతుకుడు రాదు. నేర్చినప్పటిసంది తుడిచి ఎక్కించుడే. గీడ మీ ముందల అడగనీకె సిగ్గయింది."

నమ్మాలో వద్దో తేలలేదు. ఫోన్ చూపించమని అడిగే ధైర్యం చాలలేదు. ఫైళ్లన్నీ నా కొత్త డిస్క్‌లోకి నేనే ఎక్కించుకుని, అప్పుడు ఫార్మాట్‌కు సరేనన్నాను. అతను పని ముగించేదాకా నేను పక్కనుంచి కదల్లేదు. అతని డిస్క్ సంచిలోకి వెళ్లడం కూడా కళ్లారా చూశాను. కంప్యూటర్ పరుగెత్తింది. అతను వెళ్లగానే పాస్‌వర్డ్‌లన్నీ మార్చేశాను.

ఆ తరువాత ఫైళ్లను ఒక్కసారిగా వెనక్కి వేయలేదు. కొన్ని వేయడం, ఒక పూట పని చేసి చూడడం. ఫొటోలు వేశాను, బాగానే ఉంది. ఆధార్ కాపీలు వేశాను, బాగానే ఉంది. తిమ్మాజిపేట గిరాకీ ఒకాయన పెన్‌డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చిపోయిన పెళ్లి పత్రికల ప్రోగ్రాం ఎక్కించగానే మళ్లీ నత్తనడక. తీసేశాను, మళ్లీ పరుగు.

రిపేరతనికి ఫోన్ చేసి చెప్పాను. "దొరికిందా! ఎట్ల దొరికింది అక్కా?" అన్నాడు. మరునాడే వచ్చేశాడు. దాన్ని మళ్లీ ఎక్కించి, తీసేసి చూపించమన్నాడు. చూపించాను. పరీక్షకు చదివే పిల్లాడిలా ప్రతి మెట్టూ మళ్లీ మళ్లీ అడిగాడు. ఎంత వెతికినా ఆ ముఖంలో దొంగబుద్ధి కనబడలేదు.

"గీ ప్రోగ్రాం జర నా డిస్క్‌ల వేస్తరా? ఉస్తాద్‌కు జూపిస్త."

"డిస్క్ పెట్టనియ్య," అన్నాను.

"పోనీ, దాని పేరన్న ఫోన్ల ఫొటో దీసుకుంట?"

ఆ ప్రోగ్రాం తప్ప తెర మీద తెరిచి ఉన్నవన్నీ మూసేశాను. ఒక్క ఆడపిల్ల ముఖమూ మిగల్లేదని చూసుకున్నాకే తీసుకోమన్నాను. అతను తీసిన ఫొటోను తిప్పి నాకు చూపించాడు. వేలితో పెద్దది చేసి, మూలమూలా చూసి ఫోన్ తిరిగి ఇచ్చాను.