బోణీ బంతి

మా బాపు దత్తాత్రికి నోరు ఆగదు. సిద్దిపేట పాత బస్టాండు దగ్గర స్టీలు సామాన్ల దుకాణం నడిపే మనిషికి నోరుండాల్సిందే, కాదనను. గిన్నెను వేలితో కొట్టి ఆ మోత వినిపించి, వద్దన్నవాళ్ల చేత కూడా కొనిపించగలడు. కానీ ఆ నోరు పోయి పోయి హైదరాబాదులో ఒక కోటీశ్వరుడి ముందు తెరుచుకుంది. అదీ నా తమ్ముడి ఆట గురించి. దాని పుణ్యమా అని నేను ఈ ఏడాదంతా ఇంట్లో ఎవరితోనూ సవ్యంగా మాట్లాడలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

బాపు సంగతి చెప్పాలంటే ముందు బోణీ సంగతి చెప్పాలి. పొద్దున షట్టర్ ఎత్తి, నీళ్లు చల్లి, ఊదుబత్తి వెలిగించాక మొదటి బేరం అయ్యేదాకా ఆయన చాయ్ కూడా తాగడు. మొదట వచ్చినవాడు బేరమాడి కొనకుండా పోయాడా, ఆ రోజంతా ముఖం మాడ్చుకునే ఉంటాడు. మా వీధిలో ఎవరి చెయ్యి మంచిదో, ఎవరిది కాదో ఆయనకు ఒక లెక్క ఉంది. నా చెయ్యి మామూలుదని నా ముఖం మీదే చెప్పాడు. దుకాణం బిల్లులన్నీ చూసేది నేనే, అయినా సరే. మంచి చెయ్యి నా తమ్ముడు వివేక్‌ది. చిన్నప్పుడు వాణ్ని నిద్రలోనే ఎత్తుకొచ్చి గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి, మొదటి గ్లాసో గరిటో వాడి చేత్తో ఇప్పించేవాడు. వాడు బోణీ చేసిన రోజు అమ్మకం ఎక్కువేమీ ఉండదని కంప్యూటర్లో బిల్లులు తీసి చూపించాను ఒకసారి.

"కంప్యూటర్‌కు చెయ్యి ఉన్నదా బిడ్డా? గదానికేం తెలుస్తది?" అన్నాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అసలు వివేక్‌కు దేవుడిచ్చింది చెయ్యి కాదు, కాళ్లు. కాలేజీలో కబడ్డీ ఆడుతుంటే జోయల్ సారు చూశాడు. ఆయన సికింద్రాబాదులో అమెరికన్ ఫుట్‌బాల్ నేర్పే కోచ్. పేరుకు ఫుట్‌బాలే గానీ అందులో తన్నేది తక్కువ. బొప్పాయి కాయలాంటి బంతిని సంకలో పెట్టుకుని అవతలి చివర గీత దాటేదాకా ఉరకాలి, అవతలివాళ్లు మీదపడి ఆపాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోకపోతే బంతి వాళ్లకు పోతుంది. వివేక్ ఉరుకుతుంటే పట్టుకోవడం కష్టమని జోయల్ సారు వాణ్ని గోల్కొండ బైసన్స్ జట్టులోకి తీసుకుపోయాడు. జీతమిచ్చి ఆడించే జట్టు. దాని యజమాని కర్ణాకర్. పొలాలు ప్లాట్లు చేసి అమ్మి పైకొచ్చిన మనిషి. అంతకు ముందు ఏడాది ఆ జట్టు ఓడిపోవడంలోనే పేరు తెచ్చుకుంది.

ఈ ఏడాది మొదటి మ్యాచ్‌కు ఇంటివాళ్లను పిలిచారు. బంతి పట్టుకుని ఉరకాల్సిన మహేందర్‌కు సరిగ్గా ఆట మొదలయ్యే వేళ పిక్క పట్టేసింది. వాడి బదులు వివేక్ దిగాడు. మొదటి బంతి వాడికే వచ్చింది, ఏడు గజాలు లాక్కుపోయాడు. తర్వాత మహేందర్ తేరుకుని వచ్చాడు, మావాడు బయటికొచ్చాడు. జట్టు గెలిచింది. కర్ణాకర్ సంబరపడుతూ ఇంటివాళ్లందరికీ చేతులు కలుపుకుంటూ మా దగ్గరికొచ్చాడు. మా బాపు ఊరుకోవచ్చు కదా!

"మా దుకాణంల సుత గంతే సార్. మావోడు బోణీ చేస్తే గల్లా నిండాల్సిందే. చిన్నప్పటి సంది వాని చెయ్యి గసోంటిది."

కర్ణాకర్ కళ్లు వెలిగాయి. "గింత మంచి ముచ్చట ముందే చెప్పకపోతివి సేటూ!"

అంతే, తమ్ముడి ఆట అక్కడితో సరి. రెండో మ్యాచ్ నుంచి మొదటి బంతి వివేక్‌కే ఇవ్వాలని హుకుం. అది కాగానే వాడు బయటికొచ్చి బెంచీ మీద కూర్చోవాలి. వీణ్ని ఆడనివ్వండి సార్, బాగా ఉరుకుతాడని జోయల్ సారు బతిమాలాడట.

"దేవుని పటం తీసి పిల్లలకు ఆడుకునేటందుకు ఇస్తమా జోయల్? వానికి దెబ్బ తాకితే వచ్చే మ్యాచుకు బోణీ ఎవడు చేస్తడు?" అన్నాడట కర్ణాకర్.

దెబ్బ తాకకూడదట! మూడో మ్యాచ్‌కల్లా మొదటి బంతి ఎవరికి పోతుందో స్టేడియంలో పల్లీలమ్మేవాళ్లకు కూడా తెలిసిపోయింది. అవతలి పదకొండు మందీ కాచుకుని ఉండి ఒక్కసారి వాడి మీద పడేవాళ్లు. వాడు ఒక్క అడుగు వేసే సందు ఉండేది కాదు. కింద నుంచి లేచి, దుమ్ము దులుపుకుని, ఇక ఆ రోజంతా బెంచీ మీద. కామెంటరీ చెప్పేవాడు "బోణీ బాబు వచ్చేశాడు" అని నవ్వేవాడు. జట్టు మాత్రం గెలుస్తూనే ఉంది. ఎండాకాలమంతా జోయల్ సారు వాళ్ల చేత చెమటలు కక్కించాడు గనుక గెలిచింది. మహేందర్ మోకాళ్లు చీరుకుపోయేలా ఆడాడు గనుక గెలిచింది. కానీ ప్రతి గెలుపు తర్వాత కర్ణాకర్ టీవీలో చెప్పేది ఒకటే, బోణీ అచ్చొచ్చిందని. సొమ్మొకడిది, సోకొకడిది.

సిద్దిపేటలో 'బోణీ వీరుడు వివేక్' అని ఫ్లెక్సీలు లేచాయి. బాపు ప్రతి ఫ్లెక్సీ కింద నిలబడి ఫొటో దిగాడు. కొత్త దుకాణం తెరిచేవాళ్లు మా ఇంటికొచ్చి, మీవాడు ఎప్పుడొస్తాడు, మాకు బోణీ చేయించాలి అని అడిగేవాళ్లు. ఒక్కడంటే ఒక్కడు, వాడెట్లా ఆడుతున్నాడని అడగలేదు. నేను ఒకాయన్ని గుమ్మంలోనే నాలుగు తిట్టి పంపాను. మా అమ్మ సుగుణ నన్ను కోప్పడింది.

సెమీఫైనల్ కూడా గెలిచాక వివేక్ రెండు రోజులు ఇంటికొచ్చాడు. చొక్కా విప్పితే పక్కటెముకల మీద కమిలిన మచ్చలు. అమ్మ ఉప్పు మూట కాపడం పెడుతూ ఏడ్చింది. వాడు నాతో మెల్లగా చెప్పాడు.

"అక్కా, ఫైనల్ చూసేటందుకు ఇండియా టీము సెలెక్టర్లు వస్తున్రు. వాళ్లకు నా మీద పదకొండు మంది పడుడొక్కటే కనబడ్తది. గీ పారి ఆడకపోతే ఇగ నన్నెవరు అడగరు. మల్ల నేను కౌంటర్ల కూసునుడే."

బాపు అప్పుడే సంచితో లోపలికొచ్చాడు. వివేక్ ఆయన వైపు తిరిగాడు.

"బాపూ, నన్ను ఆటగాన్ననుకుంటున్నవా, నిమ్మకాయ మిరపకాయలనుకుంటున్నవా?"

బాపు సంచి కింద పెట్టాడు. నేను ఊరుకోలేదు. ఏడాది నుంచి మింగిందంతా కక్కేశాను. నీ నోటి వల్లే వాడి బతుకు బెంచీ పాలైందన్నాను. నీకు కొడుకు కన్నా గల్లాపెట్టె ఎక్కువన్నాను. అమ్మ నా నోరు మూయబోతే ఆమె చెయ్యి తోసేశాను. బాపు అన్నం తినకుండా పోయి పడుకున్నాడు.

తెల్లారి ఆయన షట్టర్ ఎత్తలేదు. దుబ్బాక తువ్వాల భుజాన వేసుకుని, "పా బిడ్డా, పట్నం పోయొద్దాం," అన్నాడు. బస్సులో కండక్టర్‌తో సైతం చుట్టరికం కలుపుకునే మనిషి గజ్వేలు దాటేదాకా పెదవి విప్పలేదు.

కర్ణాకర్ ఆఫీసులో జోయల్ సారు కూడా ఉన్నాడు. బాపు నిలబడే అడిగాడు, మావోణ్ని ఫైనల్లో సక్కగ ఆడనియ్యుండ్రి అని. కర్ణాకర్ నవ్వాడు. ఇంటికొచ్చిన లచ్చిమిని కాలితోని తంతరా సేటూ అన్నాడు. నేను నోరు తెరవబోయాను. బాపు నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"సార్, నేను మీకు అబద్ధం చెప్పిన."

"ఏందది?"

"మావోని చెయ్యి మంచిది గాదు. దుబ్బాకల ఇంకో దుకాణం పెడ్తే వానితోనే బోణీ చేయించిన. మునిగింది. కొడుకు గదా అని దాసిపెట్టిన."

మాకు దుబ్బాకలో దుకాణమే లేదు.

"మరి గిన్ని మ్యాచులు ఎట్ల గెలిచినం?" కర్ణాకర్ నవ్వు ఆగిపోయింది.

"దుకాణం సుత ముందుగాల మంచిగనే నడిచింది సార్. ఆఖరికి కూలింది."

ఫైనల్ ముందర ఎవరైనా వినదగ్గ మాటా అది! కర్ణాకర్ కుర్చీలోంచి లేచాడు. "అయితే వాన్ని గ్రౌండుల అడుగే పెట్టనియ్య," అన్నాడు.

బాపు మాత్రం బేరం తెగని వేళ మాట్లాడే గొంతుతో అన్నాడు. "గట్ల గాదు సార్. బోణీ అయినంక ఎవరొచ్చినా ఫరక్ లేదు. బోణీ గాకముందు రావొద్దు, గంతే. అరవై ఏండ్ల దుకాణం మాది, నాకు తెల్వదా?"

జోయల్ సారు ఆ మాటను కింద పడనివ్వలేదు. "సేటు చెప్పింది కరెక్టే సార్. మొదటి బంతి మహేందర్‌కిద్దాం. రెండో దాని నుంచి వివేక్ ఆడుతడు." కర్ణాకర్ చివరికి సరేనన్నాడు.

మెట్లు దిగుతూ బాపు ఆగి, గోడ వైపు తిరిగి చెంపలేసుకున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. వివేక్‌కు కూడా.

ఫైనల్లో మొదటి బంతి మహేందర్‌కు పోయింది. అవతలివాళ్లు వివేక్ కోసం వెతుక్కుంటుంటే ఆ సందులో మహేందర్ చాలా దూరం పోయాడు. ఆ తర్వాత మావాడు దిగాడు. ఏడాదంతా కాళ్లలో కట్టేసుకున్న ఉరుకు అంతా విప్పాడు. ఇద్దర్ని దాటాడు, మూడోవాడు నడుము పట్టుకుంటే వాణ్నీ ఈడ్చుకుంటూ గీత దాటాడు. ఆట తలా తోకా తెలియని మా అమ్మ కుర్చీ ఎక్కి అరిచింది. ఒక్క ఓటమి లేకుండా కప్పు గెలిచారు. సెలెక్టర్లు వివేక్‌ను క్యాంపుకు రమ్మన్నారు. నేను సంతోషంతో ఏడ్చాను, అబద్ధమెందుకు.

ఆ సంతోషం ఒక్క పూటే. "కన్నతండ్రే చెయ్యి మంచిది గాదన్నడు, నేను టయానికి బోణీ మార్చిన," అని కర్ణాకర్ టీవీలో చెప్పుకున్నాడు. ఆ ముక్క సిద్దిపేటలో ఫోన్ ఫోనుకూ చేరింది. నిన్నటిదాకా మా గుమ్మం తొక్కినవాళ్లు వాడు ఎదురొస్తే పక్క సందులోకి తిరగడం మొదలుపెట్టారు. పక్కనే బట్టల దుకాణం లింగమూర్తి వాణ్ని ఎత్తుకుని పెంచిన మనిషి. పొద్దున్నే బనియన్ కొనబోతే, "ఇంక బోణీ గాలె కొడుకా, జర ఆగి రా," అన్నాడు. నేను నడిబజార్లో ఆయన్ని కడిగేశాను. ఇంట్లో అమ్మ, కన్న కొడుకును గట్ల అంటవా అని బాపుకు అన్నం వడ్డించడం మానేసింది. వివేక్ ఏమీ అడగలేదు. దుకాణం మెట్టు మాత్రం ఎక్కడం మానేశాడు.

నేను బాపు మీద పడ్డాను, నిజం చెప్పెయ్యమని.

"చెప్తే గా సారు చెవుల పడ్తది బిడ్డా. వచ్చే ఏడు మల్ల మొదటి బంతి వీనికే ఇస్తడు. మల్ల బెంచీ మీదనే కూసోబెడ్తడు," అన్నాడు.

వారం తర్వాత వర్తక సంఘం వాళ్లు ఫంక్షన్ హాల్లో సన్మానం పెట్టారు. కర్ణాకర్ వచ్చాడు. వేదిక మీద ఆయన, పక్కన వివేక్. కింద ఊళ్లోని దుకాణదారులంతా. శాలువాలయ్యాక కర్ణాకర్ మైకు పట్టుకుని బాపును పైకి పిలిచాడు.

"సేటూ, దుబ్బాకల దుకాణం మునిగిందన్నవు. నీకు గాడ దుకాణమే లేదని మీ ఊరోళ్లు చెప్తున్రు. నాకైతే మీవోని చెయ్యి మంచిదనే అనిపిస్తుంది. మల్ల వానికే మొదటి బంతి ఇద్దామనుకుంటున్న. అందరి ముందర చెప్పు. నీ దుకాణం మీద ఒట్టేసి చెప్పు."

దుబ్బాక దుకాణం మాట విని వివేక్ తలెత్తి బాపును చూశాడు. ఆ మాట వాడు అప్పుడే మొదటిసారి వింటున్నాడు. వాడికి అర్థమైందని నాకు తెలిసింది. నోరు తెరవబోయాడు. బాపు వాడి భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు.

దుకాణం మీద ఒట్టంటే మా బాపుకు ఏమిటో ఆ హాల్లో అందరికీ తెలుసు. తాత చచ్చిపోతూ తాళం చెవి చేతిలో పెట్టి అప్పగించిన దుకాణం అది. ఆ ఒట్టు తప్పితే ఇల్లు నిలవదని ఆయన నిజంగా నమ్ముతాడు.

మైకు అందుకున్నాడు.

"దుబ్బాక దుకాణం అబద్ధం సార్. కొడుకు చెయ్యి సంగతి నిజం. నా దుకాణం మీద ఒట్టు. మంచిది గాదు."

"అయితే మొదటి బంతి మహేందర్‌దే!" అని కర్ణాకర్ ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. లింగమూర్తి కూడా కొట్టాడు. వాళ్లందరి చేతులూ పట్టుకుని ఆపాలన్నంత కోపం వచ్చింది నాకు. బాపు మీద ఏడాదిగా పెంచుకున్న కోపం మాత్రం ఎక్కడ వెతికినా దొరకలేదు.

వేదిక మీద వివేక్ శాలువాలో ముఖం దాచుకున్నాడు. బాపు మెట్లు దిగి వచ్చి నా పక్క కుర్చీలో కూలబడ్డాడు. కాసేపు అరచేతులు చూసుకున్నాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగాడు.

"ఇగ మనోన్ని ఆడిస్తడు గదా బిడ్డా?"