కడిగేసిన శబ్దం

అన్నాబా ఓడరేవు వెనకవీధి సినిమా హాల్లో జుబీర్ ఇరవై రెండేళ్ళు బొమ్మ వేశాడు. తొంభై నాలుగులో సినిమాలూ పాటలూ పాపమనేవాళ్ళెవరో హాలు గేటుకి బెదిరింపు ఉత్తరం అంటించిపోయారు. మర్నాడే యజమాని తాళం వేసి, తాళంచెవి జుబీర్ చేతిలో పెట్టాడు. "రోజూ ఒకసారి వచ్చి చూసుకుంటూ ఉండు, పాడుపడకుండా" అన్నాడు.

ఆ చలికాలమే ఒక పొద్దున యూనిఫారాల్లో వచ్చినవాళ్ళు జుబీర్ తమ్ముడు హోసిన్‌ని రొట్టెల కొట్టు ముందు జీపెక్కించుకుని వెళ్ళిపోయారు. వెళ్ళి అడిగిన ప్రతి చోటా మా దగ్గర లేడన్నారు. కొన్నాళ్ళకి అసలు ఆ పేరుగల మనిషే తెలియదన్నారు. హోసిన్ భార్య హూరియా పైవాటాలో ఉండేది. కింద జుబీర్, అతని భార్య. ఆ ఇంట్లో హోసిన్ పేరు ఎత్తాలంటే కిటికీలు మూయాల్సి వచ్చేది. కొన్నాళ్ళకి కిటికీలు మూసినా ఎత్తడం మానేశారు.

తొంభై ఏడు వసంతంలో నజీమ్ వచ్చాడు. ఉక్కు కర్మాగారంలో పని, హెవీ మెటల్ గిటారు పిచ్చి. వాడితో మరో ముగ్గురు. వాళ్ళలో పాడేది లొత్ఫీ.

"మీ హాలు గోడలు మందం కదా బాబాయ్, మేం వాయించుకుంటాం. బయటికి వినిపిస్తే మమ్మల్ని సైతాను పూజ చేస్తున్నారని చంపేస్తారు" అన్నాడు నజీమ్.

"చేస్తున్నారా మరి?"

"సైతానుకి మన ఊళ్ళో చేతినిండా పని ఉంది బాబాయ్, మా దగ్గరికొచ్చే తీరికెక్కడ?"

జుబీర్‌కి నవ్వొచ్చింది. లోపలికి రానిచ్చాడు.

వాళ్ళు తెచ్చుకున్న చిన్న స్పీకరు పెట్టెలోంచి గిటారు డబ్బాలో ఈగలా గీపెట్టింది. రెండు రోజులు విని, మూడో రోజు జుబీర్ తెర వెనక దుమ్ము దులిపాడు. ఫ్రెంచివాళ్ళ కాలం నాటి గాజు వాల్వుల ఆంప్లిఫయరు అక్కడే ఉంది, మనిషెత్తు స్పీకర్లూ ఉన్నాయి. పాత తీగలు కత్తిరించి, కొత్తవి అతికి, గిటారు దానికి కలిపాడు. వాల్వులు వేడెక్కేదాకా ఆగమని చెప్పి, అప్పుడు తీగ మీటమన్నాడు.

ముందు కుర్చీలు వణికాయి. తర్వాత శబ్దం వచ్చింది. రంపం ఇనుములో దిగినట్టు, కొండచరియ విరిగి ఆగకుండా జారుతున్నట్టు వచ్చింది. వెనక డ్రమ్ములు పరుగందుకున్నాయి. లొత్ఫీ కడుపులోంచి అరిచాడు, మాట ఒక్కటీ అర్థం కాలేదు. జుబీర్‌కి పక్కటెముకల మధ్య ఏదో కదిలింది. మూడేళ్ళుగా అక్కడ బిగుసుకుపోయి ఉన్నది అదేనని తెలిసి, నాలుగో వరసలో కూలబడ్డాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

"పాటలా లేదు."

"మరి ఆపమంటారా?"

"ఆపకు."

జూలైలో ఒక శుక్రవారం ఏడు పాటలు రికార్డు చేశారు. నాలుగు ట్రాకుల రికార్డరొకటి నజీమ్ ఎక్కడినుంచో అరువు తెచ్చాడు. చీకటి పడేలోగా అందరూ ఇళ్ళు చేరాలి. చొక్కాలు విప్పేసి, హూరియా వేయించి పంపిన బురెక్‌లు తింటూ పొద్దుటినుంచి వాయించారు. చివరి పాటలో నలుగురూ కలిసి కేకలు వేసే చోటు ఒకటుంది.

"గొంతులు చాల్లేదు బాబాయ్, మీరూ రండి" అన్నాడు లొత్ఫీ.

"నాకేం వచ్చురా?"

"ఏదో ఒకటి అరవండి. మాకేమన్నా అర్థమవుతోందా ఏంటి?"

జుబీర్ మైకు ముందు నిలబడ్డాడు. హోసిన్ అని అరిచాడు. ఒకసారి అరవమంటే నాలుగుసార్లు అరిచాడు. పాట అయిపోతుండగా ఆంప్లిఫయరులో పెద్ద వాల్వు నీలంగా మెరిసి ఆరిపోయింది. అలాంటిది దేశంలో ఇంకెక్కడా దొరకదని అతనికి తెలుసు. అయినా ఆ సాయంత్రం ఇంటికి తేలిగ్గా నడిచాడు. నేరుగా పైకి వెళ్ళి, "వాడి పేరు టేపు మీదికెక్కింది. దాన్నిక ఎవరూ లేదనలేరు" అని చెప్పాడు. హూరియా చేతిలో గిన్నె పక్కన పెట్టి, మళ్ళీ చెప్పమంది.

డిస్కు చేయిస్తానని టేపు పట్టుకుని నజీమ్ సముద్రం దాటి మార్సెయ్ వెళ్ళాడు, అక్కడే ఉండిపోయాడు. ఎనిమిది నెలలకి డిస్కు వచ్చింది. నల్లటి అట్ట, వెండి అక్షరాలు. అరువు ప్లేయరు పెట్టుకుని జుబీర్, అతని భార్య, హూరియా ముగ్గురూ కూర్చున్నారు. మొదటి పాట పది క్షణాలు కాకముందే జుబీర్‌కి తెలిసిపోయింది. గిటారు నున్నగా, ఇస్త్రీ చేసినట్టుంది. డ్రమ్ములు గడియారంలా కొట్టుకుంటున్నాయి. హాలు లేదు, ఇనుము లేదు.

హూరియా ముసుగు అంచు వేలికి చుట్టుకుంటూ, ఆ హోరంతా నలభై నిమిషాలు కదలకుండా విన్నది. చివరి పాటా అయిపోయింది.

"ఎక్కడొస్తుంది?" అంది.

జుబీర్ మళ్ళీ పెట్టాడు. రాలేదు.

టెలిఫోను కొట్టు నుంచి మాట్లాడితే నజీమ్ గొంతు దూరంగా వినబడింది. "ఇక్కడివాళ్ళు మురికిగా ఉందన్నారు బాబాయ్. గిటారు మళ్ళీ నేనే వాయించాను. డ్రమ్ములు యంత్రంతో పెట్టారు. మీ కేక తాళంలో లేదు, అందుకని తీసేశారు."

"అసలు టేపేది?"

"దానిమీద వేరేవాళ్ళది రికార్డు చేశారు."

హూరియాకి జుబీర్ అంతా చెప్పాడు. ఆమె విని, మెట్లెక్కబోతూ వెనక్కి తిరిగి, "బావగారూ, మీరు నిజంగా అరిచారా?" అని అడిగింది. కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది.

రెండేళ్ళకి హాలు అమ్ముడుపోయి టైల్సు గోడౌన్ అయింది. ఆంప్లిఫయరు రాగి కోసం తూకానికి వెళ్ళింది. జుబీర్ రేడియోలు బాగుచేస్తూ బతికాడు. ఆ శబ్దాన్ని లోపల మళ్ళీ వినాలని చూసేవాడు, డిస్కులో పాటే వినబడేది. రానురాను ఆ రోజు తన నోరు తెరుచుకుందో లేదో అతనికే అనుమానం పట్టుకుంది.

లొత్ఫీ పాడటం మానేసి బస్సు నడుపుతున్నాడు. ఒకరోజు స్టేషను దగ్గర జుబీర్ ఎక్కి, డ్రైవరు వెనకే నిలబడి అడిగాడు. "ఆ రోజు నేను అరిచానా రా?"

"అరిచారు. నేను పక్కనే ఉన్నాను కదా బాబాయ్."

"ఏమని?"

లొత్ఫీ అద్దంలోంచి చూశాడు.

"గట్టిగా అరిచారు. ఏమన్నారో గుర్తులేదు."

వెనకనుంచి ఎవరో దిగాలని గంట కొట్టారు. లొత్ఫీ బస్సు ఆపాడు.